ఐదో పేరు నీదే అక్కా

ఎల్లారెడ్డిలో పెద్దక్కకు, కామారెడ్డి నుంచి తమ్ముడు భూపాల్ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం.

ఫోన్లో చెబితే "నాకెందుకురా" అని పెట్టేస్తావని కార్డు రాస్తున్నాను. వచ్చే వేసవిలో పిల్లలకు కెనడా చూపిద్దామనుకుంటున్నాం. మస్కట్‌లో ఉన్న పదమూడేళ్లూ వాళ్లను ఎక్కడికీ తిప్పలేకపోయాను కదా. మొన్న ఆదివారం అక్కడ చూడాల్సినవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఉయ్యాలల పార్కు, బొమ్మల మ్యూజియం, చిన్నపిల్లల రైలు. అనిల చదివి మెల్లగా అంది: "బాపు, నాకు ఇరవై ఏండ్లు. గివి చిన్నగున్నప్పుడు సూసేటియి."

నేను నీ దగ్గర వదిలి వెళ్లిన ఆ చిన్నపిల్లల కోసమే రాసుకున్నానని అప్పుడు తెలిసింది. అనిల కాగితం తిప్పి నయాగరా జలపాతం, మంచుకొండలు అని రాసింది. రుత్విక్ దాని కింద మా నలుగురి పేర్లు రాసి, ఐదోది నీ పేరు రాశాడు. "మమ్ముల రోజు బడికి తోలింది అత్తమ్మనే కద బాపు. ఆమె లేకుంటె ఎట్ల పోతం?" అన్నాడు.

కాబట్టి సోమవారం పొద్దటి బస్సుకు ఆధార్ కార్డు పట్టుకుని రా, పాస్‌పోర్టుకు పెడదాం. బర్రెను మీ పక్కింటి సిద్దిరాములు చూసుకుంటానన్నాడు. మోకాలి నొప్పి తగ్గిందా? ఇంట్లో ఉంటే కాస్త మామిడి తొక్కు తే.

కాదనకు అక్కా. విమానంలో నా పక్కన కూర్చుని వాళ్ల చిన్నప్పటి ముచ్చట్లు చెబుదువు. నాకు అవేవీ తెలియవు.

నీ తమ్ముడు
భూపాల్