బాపుకు వినిపించే తీగ

జూన్ 3
గిటారుకు పాత తీగలు తీసేశాను. తుప్పు. కొత్తవి కంచువి, గణగణ మోగేవి. ఆ మోతకు పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎదురుగా కూర్చున్న బాపు తలూపి, "మంచిగుంది బిడ్డా" అన్నాడు.

నిజంగా విన్నాడా? మొన్న పర్వత్ పాటియా చౌరస్తా దగ్గర వెనక టెంపో హారన్ మోగుతూనే ఉంది, బాపు పక్కకు జరగలేదు. నేను చెయ్యి పట్టి లాగాను. చెవి డాక్టర్ దగ్గరికి పోదామంటే కసురుకున్నాడు. ఇన్నేళ్లు కార్ఖానాలో మగ్గాల మోతలో ఉన్న చెవులు... అమ్మేమో బాపుతో మాటలు మానేసింది. పిలిస్తే పలకడట, తనంటే లెక్కే లేదట.

జూన్ 5
ఏ తీగ ఎంత వినిపిస్తుందో తెలిస్తే, బాపు చెవి సంగతి కూడా తెలుస్తుంది. డాక్టర్‌ను వద్దన్నవాడు గిటారును వద్దనడు కదా.

జూన్ 7
నైలాన్ తీగలు. వీటిని కింద చెక్కకు ముడేసి కట్టాలి. నాకు చేతకాలేదు.

బాపు లాక్కున్నాడు. "ముడి ఏసుడు గూడ రాదా? ఏ ఇంట్ల పుట్టినవే నువ్వు?" రెప్పపాటులో వేశాడు. మగ్గం మీద తెగిన పోగుకు వేసినట్టే చిన్న ముడి. కొసలు కూడా కత్తెరతో మొదలంటా కత్తిరించాడు, అలవాటు. నేను బిగించగానే ముడి జారి తీగ నా మొహం మీదికి ఎగిరింది. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అమ్మ నవ్వలేదు.

జూన్ 12
కొత్త నైలాన్ సెట్. ఈసారి నేనే, కొసలు పొడుగ్గా వదిలి కట్టాను. మెత్తని చప్పుడు, వంటింట్లోకి కూడా వెళ్లలేదు. బాపు మాత్రం, ఇది ఇంకా మంచిగుందన్నాడు.
నాకు అనుమానం.

జూన్ 13
తీగల కింద చేతిరుమాలు మడిచి దూర్చాను. పాట లేదు, టపటప అంతే. వేళ్లు మాత్రం ఎప్పటిలాగే ఆడించాను.
బాపు తాళం వేస్తూ తలూపాడు. "గీ తీగలే ఉంచు" అన్నాడు.

కార్ఖానాలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పెదాలూ చేతులూ చూసే మాట్లాడుకుంటారు. నా దగ్గరా అదే చేస్తున్నాడు, నా వేళ్లు చూస్తున్నాడు. ఎన్నాళ్ల నుంచో... ఏడుపొచ్చింది. బాత్రూంలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను.

జూన్ 14
వాన. గిటారు ముట్టలేదు.

జూన్ 18
లావు స్టీలు తీగలు. వేళ్లు కోసుకుపోతున్నాయి. కానీ చెక్క మీద చెయ్యి పెడితే అదురు తెలుస్తోంది. బాపుకు ఇంకా చూపించలేదు. భయం.

జూన్ 20
బాపు పని నుంచి వచ్చి చాయ్ తాగాక, గోడ వైపు తిరిగి కూర్చోమన్నాను. చప్పుడు వినిపిస్తే చెయ్యెత్తాలి, అంతే. చిన్నపిల్లల ఆట అని విసుక్కుంటూనే కూర్చున్నాడు.

అన్నిటికంటే లావు తీగ — చెయ్యి లేచింది. దాని పక్కది — లేచింది. మధ్యది కొంచెం ఆలస్యంగా. నాకు ప్రాణం లేచొచ్చింది.
సన్న తీగ... లేవలేదు.
మళ్లీ కొట్టాను. గట్టిగానే. చెయ్యి మోకాలి మీదే ఉంది.

చాలాసేపటికి ఇటు తిరిగాడు. "కొట్టినవా?"
తలూపాను.
గిటారును నా ఒళ్లోంచి తీసుకుని సన్న తీగను తనే మీటాడు. ఇంకోసారి మీటాడు. జాగ్రత్తగా మంచం మీద పెట్టి నా దగ్గరికి జరిగాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి అన్నాడు.
"మీ అమ్మకు చెప్పకు బిడ్డా. పని బందు జేపిస్తది."

గుసగుసలాడుతున్నాననుకున్నాడు. ఆ మాట ఇల్లంతా వినిపించింది.
వంటింట్లో అమ్మ రొట్టెలు తట్టే చప్పుడు ఆగిపోయింది. బాపు ఇంకా నా మొహమే చూస్తున్నాడు, సరే అంటానని.