సూర్యుడికి సీమంతం

కాలిజాతి కొండ
సెమరాంగ్ పట్నంలోని బంగారుతల్లి పుర్వంతికి నిన్ను కన్న తండ్రి, నీ బాపక్, వెయ్యి దీవెనలు.
ఫోటో అందింది! వెనక "బాపక్, ఇన్నాళ్ళకి సాధించాను" అన్న నీ రాత చూసి అరుగు మీదే గంతేశాను. చీకట్లో తెల్లగా గుండ్రటి కడుపు, అందులో చుక్కంత బిడ్డ! పక్కింటి వాగినెం కూతురి స్కానింగు ఫోటో ఇంత నున్నగా లేదు. అద్దం కట్టించి గోడకు తగిలించాను.
పట్టలేని సంతోషంతో,
కర్తోరెజో
తా.క. "ఎవరి పోలిక?" అంది వాగినెం. "చుక్కకి పోలికేమిటే!" అన్నాను గానీ, నా పోలికే.

సెమరాంగ్
బాపక్‌కి పుర్వంతి సలాములు.
మీ ఉత్తరం ఇంకా అందలేదు. ఇక్కడ ఒకటే ముసురు. నిన్న కాస్త తెరిపిస్తే ఇంకో ఫోటో తీశాను, పంపుతున్నాను. ఇందులో రెండున్నాయి. ఇంట్లో మాటలు తక్కువ. పగలంతా మేడ మీదే ఉంటున్నాను.
మీ పుర్వంతి
తా.క. మీ అల్లుడు బాగానే ఉన్నారు. అడిగితే అలాగే రాయమన్నారు.

కాలిజాతి
కవలల తల్లికి,
అమ్మో, రెండా! ముందు మేడ దిగు! ఒట్టిమనిషివా మెట్లెక్కడానికి? శుక్రవారం ఏడోనెల విందు పెట్టాను. మన ఆనవాయితీ ప్రకారం లేత కొబ్బరికాయ మీద మన్మథుణ్ణీ రతినీ చెక్కించాను. ఊరంతా వస్తోంది. మీరూ రండి.
గాల్లో తేలుతున్న
నీ బాపక్
తా.క. ఏడో నెలో కాదో నాకు తెలియదు. కవలలు కదా, ఇద్దరివీ కలిపితే ఏడు దాటే ఉంటాయన్నాడు ఇమాము.

సెమరాంగ్
బాపక్‌కి,
అది సూర్యుడు. టెలిస్కోపుకి నల్ల ఫిల్టరు బిగించి నేను తీసిన ఫోటో. ఆ చుక్కలు సూర్యుడి మీది మచ్చలు. ఒక్కోదాంట్లో మన భూమి పట్టేస్తుంది. పుడతాయి, కాస్త జరుగుతాయి, పోతాయి.
నాకు పిల్లలు పుట్టరని పోయినేడు డాక్టరు చెప్పేశాడు. మీకు చెప్పే ధైర్యం లేక టెలిస్కోపు కొనుక్కున్నాను. విందు ఆపెయ్యండి.
క్షమించమని అడుగుతూ,
పుర్వంతి
తా.క. ఫోటో కూడా తీసెయ్యండి.

కాలిజాతి
నా తల్లీ,
నీ ఉత్తరం విందు మధ్యలో వచ్చింది. "పైకి చదువు, పైకి చదువు" అని ఒకటే గోల. డాక్టరు మాట దగ్గరికొచ్చేసరికి మడిచి జేబులో పెట్టుకున్నాను. "ఇది సూర్యుడట" అని మాత్రం చెప్పాను.
డాక్టరు మాట అల్లుడు నాకు పోయినేడే రాశాడమ్మా. నీ అంతట నువ్వు చెప్పేదాకా ఎరగనట్టే ఉండమన్నాడు. ఉన్నాను. అందుకే ఆ ఫోటో చూసి, దేవుడు డాక్టరు మాట కొట్టేశాడనుకుని అంతలా ఎగిరాను. ఇప్పుడు చెప్పావు. గుండె తేలికైంది, ఒట్టు.
"వండినదంతా ఎదురుగా ఉంది, ఎవరి కోసం దువా చెయ్యను?" అన్నాడు ఇమాము. "సూర్యుడికే కానిద్దాం" అన్నాను. "మతిపోయిందటయ్యా!" అని కసిరాడు. చివరికి, ఎండకేసి చూసే నీ కళ్ళు చల్లగా ఉండాలని చేశాం. ఊరంతా ఆమీన్ అంది.
ఎప్పటికీ
నీ బాపక్
తా.క. ఫోటో తియ్యను. మళ్ళీ తెరిపిచ్చిన రోజు కొత్తది పంపు. ఎన్ని ఉన్నా సరే, ఈసారి లెక్కపెట్టను.