మూలికల డబ్బా

జూన్ 4
అల్లుడు కొత్త దేవుణ్ణి ఇంటికి తెచ్చాడు. ఏదో పొడి అమ్మే కంపెనీ మనిషి. పేరు అడగలేదు. మెడలో టై ఉంది, అది చాలు. మా బ్రాయిలర్ కోళ్లకి ఇక యాంటీబయాటిక్ అక్కర్లేదట. వెల్లుల్లి, వాము, పసుపు కలిపిన పొడి మేతలో వేస్తే సరిపోతుందట. యాంటీబయాటిక్ మీద నాకూ ప్రేమ లేదు. కోడి తుమ్మితే చాలు, నీళ్లలో మందు కలిపేసి ముసుగుతన్ని పడుకునే రకం మా అల్లుడు. అలాగని పోపుల పెట్టెను తెచ్చి సైన్స్ అంటే ఎలా? కెమిస్ట్రీ చదివినదాన్ని. టెస్ట్ రిపోర్టు చూపించమన్నాను. ప్రకృతికి రిపోర్టులెందుకు అమ్మమ్మగారూ అని నవ్వాడు టై మనిషి. ఇతగాడికి నేనెప్పుడు అమ్మమ్మనయ్యాను?

జూన్ 9
షెడ్డులోకి కొత్త పిల్లలు దిగాయి. పొడి డబ్బాతో పాటు టై ఒక కార్డు కూడా ఇచ్చాడు. రోజూ కింద పరిచిన ఊక తిరగెయ్యాలి, నీళ్ల తొట్లు కడగాలి, గాలి ఆడేలా పరదాలు ఎత్తాలి. ఇవే మాటలు నేను చెప్పినప్పుడల్లా అల్లుడికి ఫోన్ వచ్చేది. ఇప్పుడు తెల్లారకముందే పార పట్టుకుంటున్నాడు. టై చెప్పాడు మరి!

జూన్ 11
స్టోర్ తాళం నా దగ్గరే. మేతలో కలిపేది ఏదైనా నేను కొలిచి ఇవ్వాల్సిందే. పొడి మొత్తం పెంటకుప్పలో పోశాను. డబ్బాలో తవుడు నింపి, వాసనకి కాస్త వాము, రంగుకి చిటికెడు పసుపు కలిపాను. చూద్దాం.

జూన్ 30
పిల్లలు దిట్టంగా ఉన్నాయి. షెడ్డులో రెట్ట ఘాటు లేదు. అల్లుడు డబ్బాకి దణ్ణం పెట్టడమొక్కటే తక్కువ.

జూలై 8
కూతురు వంటగదిలో గొంతు తగ్గించి చెప్పింది. ఈ బ్యాచ్ అమ్మేశాక అల్లుడు కోళ్లు మానేస్తాడట. పొడికి ఏజెన్సీ తీసుకుని షెడ్డును గోడౌన్ చేస్తాడట. నేనూ మా ఆయనా దగ్గరుండి కట్టించుకున్న షెడ్డు. అందులో టై గారి బస్తాలు! నువ్వేం అనకమ్మా, ఆయన ఇన్నాళ్లకి హుషారుగా తిరుగుతున్నారు అంది. సరేనన్నాను. అప్పటికి.

జూలై 10
టై ఏజెన్సీ కాగితాలతో, వెనకాల కొందరు రైతులతో దిగాడు. ఒక కోడిని ఎత్తి పట్టుకుని, చూశారా మా పొడి మహిమ అన్నాడు. డబ్బా తెచ్చి అందరి ముందూ మూత తీశాను. ఇది తవుడు, మీ పొడి ఎప్పుడో పెంటకుప్పలో కలిసింది అన్నాను. ఒక పెద్దాయన చిటికెడు నోట్లో వేసుకుని, తవుడేనయ్యా, మా గేదెనడిగినా చెబుతుంది అన్నాడు. పగలబడి నవ్వారు. టై కాగితాలు సంకలో పెట్టుకుని, రాని ఫోన్ చెవికి ఆనించుకుని జారుకున్నాడు.
అల్లుడు నవ్వలేదు. మరి ఇవెలా పెరిగాయి అత్తయ్యగారూ అని అడిగాడు. నీ పార వల్ల నాయనా అన్నాను. మెచ్చుకోలుగానే అన్నాను. నా నోట అది కూడా తిట్టులాగే వినిపించింది కాబోలు.

జూలై 11
అల్లుడు మంచం దిగలేదు. ఊక తడి.

జూలై 12
పార నేనే ఎత్తి చూశాను. నా నడుముకి అంత చదువు లేదు. ఒక కోడి తుమ్మింది.

జూలై 13, ఉదయం 5
అల్లుడు పార పట్టుకుని స్టోర్ ముందు నిలబడి డబ్బా ఇమ్మన్నాడు. అందులో ఉన్నది తవుడే అన్నాను. తెలుసు, ఇవ్వండి అన్నాడు. వచ్చే బ్యాచ్‌కి కూడా నింపి ఉంచమన్నాడు.
కొలిచి ఇచ్చాను.