ముత్యం చుట్టూ అంచు

శాంతా,

చివరి రోజు ఉదయం నువ్వు ఇడ్లీ పిండి రుబ్బావు. సాయంత్రానికి ఆస్పత్రిలో పోయావు. నర్సు నీ ముత్యపుటుంగరం నా చేతిలో పెట్టింది.

ఈ రోజు దాన్ని నా వేలికి సరిపోయేలా చేయించాలని ఈ గల్ఫ్ దేశంలో, మనామా ఊళ్ళో నగల కొట్టుకెళ్ళాను. ముత్యం మెత్తనిది కాబట్టి చుట్టూ బంగారు అంచు కట్టమన్నాను. నేను నమ్మని నీ జ్యోతిష్యుడు చెప్పినట్టే, ముత్యం ఒంటికి తగిలేలా అడుగున తెరిచి ఉంచమన్నాను.

"అడుగెవరు చూస్తారు సార్? నాలుగు కొక్కేలతో పైకెత్తితే తళతళలాడుద్ది. గీతలు పడ్డ ఈ ముత్యం తీసేసి కొత్తది పెడతా. మేడం మురిసిపోతారు," అన్నాడు గుంటూరు సేల్స్‌మన్.

టై కట్టుకున్న మూర్ఖుడు. ఆ గీతలు నీ వంటింటివని వాడికి చెప్పడం కూడా దండగ. ఉంగరం లాక్కుని వచ్చేశాను.

రేపు పొద్దున డ్యూటీకి సెలవు పెట్టి, పక్కనున్న జిదాఫ్స్ ఊళ్ళో ఒక కంసాలి దగ్గరికి వెళ్తాను. అంచు కట్టేదాకా ఎదురుగా కూర్చుంటాను.