ఒత్స్ఖానూరికి జోడీ

నవంబర్ 3
మల్ఖాజ్ అన్నయ్య తేల్చేశాడు. పన్నెండో తారీకున రాజధాని టిబిలిసిలోని రెస్టారెంట్ నుంచి తినాతిన్ గారు మా వైన్ టేస్టింగ్‌కి వస్తున్నారు. ఆవిడ కూడా వద్దంటే మా ఒత్స్ఖానూరి ద్రాక్ష తీగలన్నీ కొట్టేసి, అందరూ అడిగే సపెరావి రకం నాటుతాడట. వైన్ తీయడం ఆయన పని. పక్కన ఏం వడ్డించాలో చూడటం నా పని. అంతే కదా. మరి ఇంత చిరాకెందుకు?

నవంబర్ 5
అక్రోటు ముద్దలో కోడి. నాకు పేరు తెచ్చిన వంట. వైన్ ఒక్క గుక్క తాగానో లేదో అక్రోటు చేదెక్కింది. గిన్నె పొరుగింటికి ఇచ్చేశాను. వైన్ లేకుండా తింటే అద్భుతంగా ఉందట. సంతోషం.

నవంబర్ 6
చేప. వైన్‌తో కలిస్తే తాళంచెవి నాకినట్టుంది.

నవంబర్ 8
పుల్లటి ఆల్బుకరా పచ్చడితో గొర్రె మాంసం. పులుపు మీద పులుపు, పళ్లు జివ్వుమన్నాయి. ఎంత మొండి వైనో. సిరా రంగు, నాలుక మీద పీచు పట్టినట్టు. నాలుగేళ్లు ఆగితే మెత్తబడుతుందన్నారు. ఇది నాలుగేళ్లదే.

అన్నయ్య ఓ ముద్ద తిని చెంచా కింద పెట్టాడు.
"నీ వంటలో తప్పేం లేదే లమారా. ద్రాక్షే పనికిరాదు. ఒప్పుకుంటే నీకేం పోయింది?"

ఏం పోయిందా. ఆ తీగలు వదిన, నేను కలిసి నాటాం. వదిన పోయి ఆరేళ్లు. గిన్నెలు తీసుకెళ్లి కడిగాను.

నవంబర్ 9
వండలేదు.

నవంబర్ 11, మధ్యాహ్నం మూడు
దొరికింది.

టేస్టింగ్ సంగతి మరిచిపోయి, ఆకలేసి పెనం మీద కుపాతి పడేశాను. కొవ్వు దట్టించిన పంది సాసేజ్. ఒకవైపు మాడింది. నిలబడే తిన్నాను, జగ్గుతోనే గుక్క తాగాను. వైన్ కొవ్వును కోసేసింది. కొవ్వు వైన్ కాటును మింగేసింది. అడుగున ఎక్కడో నల్ల చెర్రీ! ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుందో. ఇంకో ముక్క, ఇంకో గుక్క. ఏడుపొచ్చింది.

అన్నయ్య ఫోన్ ఎత్తలేదు. ఇంటికి వెళ్తే తాళం.

నవంబర్ 12
తినాతిన్ గారు వైన్‌తో రెండు కుపాతీలు తిన్నారు. మూడోది అడిగారు. తర్వాత నెమ్మదిగా, ఈ జోడీ తన మెనూలో పెడతానని, ఏటా మేం తీసినంతా తనకే కావాలని చెప్పారు. తోట చూద్దామని లేచారు.

అన్నయ్య లేవలేదు.
"నిన్న తీగలు సగం కొట్టేశాను," అన్నాడు బల్ల వైపు చూస్తూ. "మీరు వద్దన్నాక కొట్టాలంటే చేతులు రావనిపించింది. అందుకే ముందే మొదలెట్టా."

మిగిలిన సగం చాలన్నారు ఆవిడ. మర్యాదకో, నిజంగానో. నాకు మాత్రం ఆయన్ని కొట్టాలనిపించింది. ఆయన చేతులు చూశాను. అన్నీ బొబ్బలు.

నవంబర్ 14
కొట్టిన తీగల్లో పనికొచ్చేవి మూరెడేసి ముక్కలు చేసి, వేళ్లు పడితే మళ్లీ నాటొచ్చని తడి ఇసుకలో పాతాం. నూట నలభై. ఆయన కోశాడు, నేను పాతాను. ఎన్ని బతుకుతాయో.
మధ్యాహ్నం రొట్టె, జున్ను తిన్నాం. ఉన్న వైన్ తినాతిన్ గారికని తీసిపెట్టి, ఇద్దరం నీళ్లే తాగాం.