పెట్టెలో దాచిన బీమా కార్డు

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం ఎక్కడికీ పోదని తెలుసు. అయినా నీ మీద కోపం తగ్గక రాస్తున్నాను.

దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన నీ తమ్ముడు అప్పలరాజు పొద్దున్న మల్కాపురంలో మన ఇంటికొచ్చాడు. కంపెనీవాళ్ళిచ్చిన వైద్య బీమా కార్డు నా చేతిలో పెట్టాడు.

"అక్కడ రూములో పోతాది వదినా. రేషన్ కార్డుతోపాటు పెట్టిలో దాసెయ్."

దుబాయి నుంచి చివరిసారి సెలవుకొచ్చినప్పుడు నువ్వూ అచ్చం ఇదే మాటన్నావు. నేనూ బుద్ధిలేనిదాన్లా దాచాను. కడుపునొప్పితో నువ్వు అక్కడి ఆసుపత్రికి వెళ్తే, కార్డు లేదని గుమ్మంలోంచే పంపేశారు. వాళ్ళు మనుషులేనా? నువ్వైనా అక్కడే కూర్చుని గొడవ చెయ్యకుండా, గదికి తిరిగొచ్చి నాకు ఉత్తరం రాస్తావా?

"రోగం నీకక్కడొస్తే, ఇక్కడ పెట్టికి వైద్యం సేత్తారేటి?" అని రాజు మీద అరిచాను. కార్డు వాడి చొక్కా లోపలి జేబులో పెట్టి, జేబు మూతి కుట్టేశాను.

కార్డు వెంటనే పంపమని నువ్వు రాసిన ఉత్తరం, నీ చావు టెలిగ్రాం వచ్చిన తొమ్మిదో రోజున అందింది బావా. దానికి జవాబు ఇదే.