మావయ్య చేసిన డ్రెసింగ్

జూన్ 4

పక్షవాతం వచ్చి హాస్పిటల్ నుంచి ఇంటికొచ్చాక మావయ్య మాట్లాడిన మొదటి పూర్తి వాక్యం ఇవాళే. ఈ గడ్డి నేను తినను అన్నారు.

సలాడ్‌ని. ఆయన తప్పేం లేదు. డాక్టర్ ఉప్పు తగ్గించమన్నాడు. సలాడ్‌లో కలపడానికి కొట్లో కొన్న పుల్లటి డ్రెసింగ్ లేబుల్ చదివి మా ఆయన ఆ సీసా చెత్తబుట్టలో పడేశాడు. ఇక మిగిలింది ఉత్త ఆకులు, ఉత్త కీరా. నాకే గొంతు దిగలేదు.

జూన్ 6

ఫిజియో అమ్మాయి వచ్చి రబ్బరు బంతి నొక్కమంది. మావయ్య దాన్ని ఎడం చేత్తో మంచం కిందకి దొర్లించారు. రేవులో క్రేన్ నడిపిన మనిషి. గదంత ఇనప పెట్టెల్ని గుడ్డు దించినట్టు ఓడలోకి దించేవారట. ఆయన చేతిలో బంతి పెడితే ఒళ్ళు మండదూ?

వెళ్తూ వెళ్తూ ఫిజియో గుమ్మం దగ్గర మెల్లిగా చెప్పింది. ఇప్పుడు వాడకపోతే ఆ కుడిచెయ్యి ఇక అంతేనట. మా ఆయనకి చెప్పలేదు. వాళ్ళ నాన్నంటే ప్రాణం.

జూన్ 9, ఉదయం 8

ఇంట్లోనే డ్రెసింగ్ చేద్దామని కూర్చున్నా. జామ్ సీసా కడిగి ఆలివ్ నూనె, నిమ్మరసం, మిరియాల పొడి, దంచిన వెల్లుల్లి వేశా. నూనె పైన, రసం కింద. వేరు కాపురం. మూత బిగించి గిలకరిస్తుంటే ఆఫీసు ఫోన్. సీసా మావయ్య ఒళ్ళో పెట్టేసి వెళ్ళా.

తిరిగొచ్చేసరికి ఊపుతున్నారు! ఎడం చెయ్యి కింద ఆసరా, కుడిచెయ్యి మూత మీద. వేళ్ళు వంకర్లు పోతున్నాయి గానీ వదల్లేదు. నేను గుమ్మంలోనే ఆగిపోయా. ఫోన్లో మేనేజర్ హలో హలో అంటూనే ఉన్నాడు.

జూన్ 10

సలాడ్ తిన్నారు. పులుపెక్కువైందన్నారు. నూనె మూడు వంతులు, పులుపు ఒక వంతు ఉండాలట. ఎవరు చెప్పారన్నా. నాలుక చెప్పిందన్నారు.

జూన్ 13

చిటికెడు ఆవపిండి, కాస్త తేనె. ఫిజియో చెప్పిన చిట్కా. నిజమే, విడిపోకుండా చిక్కగా కలిసింది. మావయ్య సీసాని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. ఆ మొహం ఫోటో తియ్యాల్సింది.

జూన్ 17

పగిలింది.

జూన్ 18

నిన్న అంతకు మించి రాయబుద్ధి కాలేదు. ఆసరా లేకుండా కుడిచేత్తోనే ఊపబోయారు. జారింది. వంటగదంతా నూనె, గాజు. కాలికి గుచ్చుకుంటుందని నేను అరిచా. ఆయనకి ఇంకోలా వినిపించినట్టుంది. గదిలోకెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇవాళ కూడా భోజనానికి రాలేదు. ఇక నా పని అయిపోయిందిరా అన్నారట మా ఆయనతో. మా ఆయన బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాడు. నాకు వినపడదనుకున్నాడు.

జూన్ 20

ప్లాస్టిక్ సీసా కొనుక్కొచ్చా. అది పాలు తాగే పిల్లలకివ్వు అన్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంకో గాజుసీసా తెచ్చి టేబుల్ మీద ఠక్కున పెట్టా. పగిలితే తుడుస్తా, నాకేం కొత్తా, మీరు చెయ్యకపోతే మాత్రం ఈ ఇంట్లో సలాడే ఉండదు అన్నా. మావయ్యతో ఎప్పుడూ అలా మాట్లాడలేదు.

ఆయన సీసాని ఎడం చేత్తో దగ్గరికి లాక్కున్నారు. తర్వాత తడిగుడ్డ తెమ్మన్నారు. చుట్టి పట్టుకుంటే జారదట.

జూలై 11

రాసి చాలా రోజులైంది. మావయ్య తీరికివ్వడం లేదు. నిమ్మకాయ కూడా ఆయనే పిండుతున్నారు. సగం రసం టేబుల్‌కే. పోనీ.

జూలై 29

డ్రెసింగ్ చేసి అందరికీ చూపించమని ఫిజియో మావయ్యని తన సెంటర్‌కి రమ్మంది. హాలు నిండా మావయ్య లాంటివాళ్ళే. మావయ్య సంచిలోంచి సామానంతా తీసి బల్ల మీద పేర్చుకున్నారు. కుడిచేత్తో నూనె సీసా మూత తిప్పారు. కదల్లేదు. మా ఆయన లేవబోతే చెయ్యి పట్టి ఆపా. మళ్ళీ తిప్పారు. మూత వచ్చింది.

ఇక లెక్చర్! చిటికెడు ఉప్పు ముందు నిమ్మరసంలో కరగాలి, నూనె ఆఖర్న పొయ్యాలి, నూనెలో ఉప్పు కరిగి చావదు. వాళ్ళలో ఒక టీచరమ్మ నేనూ చేస్తానని సీసా అందుకుంది. మీరు ఊపడం లేదు, జోకొడుతున్నారు అని మొహం మీదే అనేశారు. ఆవిడ పడీ పడీ నవ్వింది, ఇంకా గట్టిగా ఊపింది.

మా నాన్న, మా నాన్న అంటూ మా ఆయన కనపడ్డవాళ్ళందరికీ చెప్పాడు. నేనూ పక్కావిడతో మా మావయ్య అన్నా. ఆవిడ అడగనే లేదు.

ఆగస్టు 2

ఇవాళ్టి డ్రెసింగ్‌లో వెల్లుల్లి ఘాటు భరించలేకపోయా. చెప్పేశా. నీకు రుచి తెలీదు అన్నారు. మీకు మొండితనం తప్ప ఏం తెలుసు అన్నా. సాయంత్రం దాకా ఇద్దరికీ మాటల్లేవు.

జబ్బుమనిషితో కాదు, మావయ్యతో కొట్లాడా. ఎంత హాయిగా ఉందో ఇల్లు.